ఇల్లు, బండి, సంతకం

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సర్వీసులో ఉన్నప్పుడు ఏదైనా నష్టం వస్తే పి.ఎఫ్. లోనుతోనో, సొసైటీ అప్పుతోనో పూడ్చుకునేవాళ్ళం. ఇప్పుడు ఆ దారులు లేవు. గ్రాట్యుటీ డబ్బుతో కట్టుకున్న ఇల్లు పోతే మళ్ళీ కట్టుకోలేం. కాబట్టి చేతులు కాలకముందే చూసుకోవలసిన మూడు విషయాలు మీ ముందుంచుతాను.

మొదటిది ఇల్లు. హౌసింగ్ లోను ఉన్నంతకాలం అప్పిచ్చినవారి పట్టుదల వల్ల చాలా ఇళ్ళకు బీమా ఉంటుంది. అప్పు తీరి దస్తావేజులు చేతికొచ్చాక దానిని పొడిగించేవారు తక్కువ. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని, 2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడ కాలనీలను ఎంత దెబ్బతీశాయో మనకు తెలుసు.

2021 ఏప్రిల్ 1 నుంచి సాధారణ బీమా కంపెనీలు ‘భారత్ గృహ రక్ష’ అనే ఒకే నమూనా పాలసీ ఇస్తున్నాయి. అగ్నిప్రమాదం, పేలుడు, పిడుగు, తుపాను, వరద, భూకంపం ఇందులోకి వస్తాయి. బీమా మొత్తంలో స్థలం ధర కలపనక్కరలేదు. ఇల్లు తిరిగి కట్టడానికయ్యే ఖర్చు లెక్కిస్తే చాలు. వెయ్యి చదరపు అడుగుల ఇంటికి అడుగుకు రూ.2,000 చొప్పున వేసుకుంటే రూ.20 లక్షలు. అందులో 20 శాతం, అంటే రూ.4 లక్షల మేరకు, ఇంట్లోని సామానుకు కూడా దానంతటదే రక్షణ వస్తుంది. దీనికి గరిష్ఠ పరిమితి రూ.10 లక్షలు. బంగారు నగలకు మాత్రం విడిగా అడిగి రాయించుకోవాలి. ఇంకొక మాట గుర్తుంచుకోండి. మామూలు దొంగతనం ఇందులోకి రాదు, దానికి వేరే పాలసీ ఉంది.

రెండవది బండి. స్కూటరు తాతగారి పేర ఉంటుంది, తాళంచెవి మనవడి జేబులో ఉంటుంది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం మైనరు బండి నడిపి నేరం జరిగితే సంరక్షకుడిని లేదా బండి యజమానిని దోషిగా భావిస్తారు. మూడేళ్ళ వరకు జైలు, రూ.25,000 జరిమానా, ఏడాదిపాటు రిజిస్ట్రేషన్ రద్దు. లైసెన్సు లేనివారి చేతిలో ప్రమాదం జరిగితే, బాధితులకు ఇచ్చిన పరిహారాన్ని బీమా కంపెనీ యజమాని నుంచి రాబట్టుకునే అవకాశమూ ఉంది. ముద్దుకొద్దీ ఇచ్చే వస్తువు కాదు అది.

పాత స్కూటరు అమ్మేసినవారూ వినండి. డబ్బు తీసుకుని, ఫారాల మీద సంతకాలు పెట్టి ఇచ్చేస్తే పని అయిపోలేదు. ఆర్.సి. పుస్తకంలో ఎవరి పేరుంటే వారే యజమాని అని సుప్రీంకోర్టు 2018లో స్పష్టం చేసింది. పేరు మారిందని కళ్ళారా చూసేదాకా వదలకండి.

మూడవది సంతకం. అన్నిటికంటె ప్రమాదకరమైనది ఇదే. చీటీ పాడుకున్న మిత్రుడో, అప్పు కావలసిన బంధువో వచ్చి, “ఊరికే ఫార్మాలిటీ అండీ, ఒక్క సంతకం” అంటాడు. మొహమాటపడి పెడతాం. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప, అప్పు తీసుకున్నవాడి బాధ్యత ఎంతో జామీనుదారు బాధ్యతా అంతే. ముందు అతణ్ణి అడిగి, అతని ఆస్తి అమ్మి, ఆ తర్వాతే మన దగ్గరికి రావాలన్న నియమమేమీ లేదు. నేరుగా మన మీదికే రావచ్చు.

“నా పింఛను జప్తు చేయలేరుగా” అని కొందరంటారు. నిజమే, సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ప్రభుత్వ పింఛనుకు ఆ రక్షణ ఇచ్చింది. కాని ఇంటికీ, స్థలానికీ ఆ రక్షణ లేదు. మనం పోయినంత మాత్రాన ఆ బాకీ కూడా పోదు. మన ఆస్తి ఎవరికి సంక్రమిస్తే, ఆ ఆస్తి మేరకు వారిని అడుగుతారు. మనం కట్టిన సొమ్మును అసలు బాకీదారు నుంచి వసూలు చేసుకునే హక్కు చట్టం ఇచ్చిన మాట నిజం. అయితే ఉన్నవాడైతే మన దాకా ఎందుకు వస్తుంది?

అందువల్ల నా సలహా ఒక్కటే. “ఇంట్లో మాట్లాడి రేపు చెబుతాను” అనండి. అది అమర్యాద కాదు. సాయం చేయాలనిపిస్తే, పోయినా తట్టుకోగలిగినంత డబ్బు చేతికివ్వండి. పోతే అంతే పోతుంది. జామీను సంతకంతో ఎంత పోతుందో మన చేతిలో ఉండదు. తప్పనిసరిగా పెట్టవలసి వస్తే మొత్తం, గడువు చదివి, ఖాళీలున్న కాగితం మీద పెట్టకుండా, ఒక ప్రతి తెచ్చుకుని ఇంట్లోవారికి చూపించండి. బాకీ తీరాక తీరినట్లు కాగితం అడిగి తీసుకోండి.

సోదరీమణులకు ఒక మనవి. మీ వారు ఎక్కడెక్కడ జామీను సంతకాలు పెట్టారో అడిగి ఒక పుస్తకంలో రాయించండి. ఇంటి బీమా పాలసీ, బండి కాగితాలు, దస్తావేజు నకళ్ళు ఆ పుస్తకంతోపాటు ఒకే ఫైలులో ఉంచండి. ఆయన లేని రోజున నోటీసు చేతికొచ్చాక తెలుసుకోవడం కంటె, ఆయన ఎదురుగా ఉన్నప్పుడే తెలుసుకోవడం మంచిది.