తొలకరి వానలు – పసిబిడ్డల సంరక్షణ



నల్లమాడ ప్రాంతంలో మనమంతా వాన కోసం మోడాల కేసి చూసేవాళ్ళమే. కాని ఆ వానతోపాటు ఇంట్లోకి ఏమి వస్తున్నదో గమనించము. తొలకరికి చేను పదునైనట్లే, ఊళ్ళోని మురికి బావుల్లోకీ పగిలిన గొట్టాల్లోకీ దిగుతుంది. చెనక్కాయ విత్తే పనికి తల్లీతండ్రీ పొద్దున్నే చేనికి పోతారు. ఇంటికాడ అవ్వ దగ్గరున్న బిడ్డకు నీళ్ళ విరేచనాలు పట్టుకుంటాయి.

"నీళ్ళిస్తే ఇంకా పోతుంది, కడుపు మాడ్చండి" అంటారు పెద్దలు. వారి ప్రేమను కాదనను గాని, ఆ మాట మాత్రం వినవద్దు. ఒంట్లోని నీరూ ఉప్పూ పోవడమే బిడ్డ ప్రాణానికి ముప్పు. వాడిన పైరుకు తడి ఇవ్వకుండా ఉంటామా?

ఆశా కార్యకర్త దగ్గర ఓ.ఆర్.ఎస్. పొట్లం అడగండి. పొట్లం మీద రాసినన్ని నీళ్ళలోనే కలపాలి. అది చేతికందేలోగా, కాచి చల్లార్చిన లీటరు నీళ్ళలో 6 చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలపండి. చెంచా అంచుకు సమంగా ఉండాలి, గుట్టగా పోయకూడదు. ఉప్పు ఎక్కువైతే కీడు. కొద్దికొద్దిగా పట్టండి. వాంతి అయితే పది నిమిషాలు ఆగి మళ్ళీ పట్టండి. మిగిలినది మరునాడు పారబోయండి. తల్లిపాలు ఆపవద్దు. అన్నం తినే బిడ్డకు మెత్తగా చేసి పెట్టండి. జింకు మాత్రలు, విరేచనాలు కట్టినా సరే, 14 దినాలు వేయాలి.

ఇంత చిన్న వైద్యమా అనుకోకండి. 1971లో పశ్చిమ బెంగాల్‌లోని బనగాఁవ్ కాందిశీకుల శిబిరంలో కలరా ప్రబలి, నరానికి ఎక్కించే సెలైను చాలకపోతే, డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఇటువంటి నీటినే పీపాల్లో కలిపి తాగించారు. వేలమంది బతికారు.

కళ్ళు గుంటలు పడినా, ఏడిస్తే కన్నీరు రాకున్నా, బిడ్డ తాగలేకున్నా, మలంలో రక్తం కనిపించినా వెంటనే ఆస్పత్రికి తీసుకుపోండి. దారిపొడుగునా ఆ నీళ్ళు పడుతూనే ఉండండి.

చెనక్కాయ ఇంటికొచ్చాక బూజు పట్టిన గింజలు ఏరి పారేయండి. ముక్కిన కాయలు "పిల్లలకు చాల్లే" అని దాచడం కొన్ని ఇళ్ళలో చూశాను. అది విషం. మంచి గింజలు బెల్లంతో ఉండలు చేసి పెట్టండి.

ఎండాకాలానికి బోర్లు లోతుకు పోతాయి. మన సీమలో చాలాచోట్ల ఆ నీటిలో ఫ్లోరైడు ఉంది. కాచినా అది పోదు. నీళ్ళు పరీక్ష చేయించి, తాగడానికి పనికొచ్చే నీరేదో తెలుసుకోండి.

పంట పోయి బెంగుళూరు పనులకు పోయే కుటుంబాలకు ఒక మనవి. బిడ్డ టీకాల కార్డు బట్టల మూటలో పెట్టుకోండి. 9 నెలలకు వేసే తట్టు టీకా గడువు దారిలోనే పడితే, అక్కడి అంగన్‌వాడీలో కార్డు చూపించి అడగండి.