పంపిన మెయిల్ చేరిందా? ఈ-మెయిల్ లెక్కలను చదివే పద్ధతి



ఈ-మెయిల్ పంపడం మీ అందరికీ తెలుసు. పంపిన మెయిల్ అవతలివారి కంట పడిందో లేదో తెలుసుకోవడం ఎలా? ఒకరికి పంపితే ఫోన్ చేసి అడగవచ్చు. ఒక కళాశాల పదివేల మంది అభ్యర్థులకు ప్రవేశపరీక్ష హాల్‌టికెట్లు పంపితే అందరినీ అడగడం సాధ్యం కాదు. అప్పుడు అంకెలమీదే ఆధారపడాలి. ఆ అంకెలను ఎలా అర్థం చేసుకోవాలో ఈ పాఠంలో చూద్దాం.

ముందుగా కోల్‌కతాలోని ఖిదిర్‌పూర్ రేవుకు వెళ్దాం. రేవు పనులకు, రైల్వే ఉద్యోగాలకు వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఆ పరిసరాల్లో ఉన్నాయి. హుగ్లీ నది ఒడ్డున ఉన్న ఈ డాకుల్లోకి ఓడ నేరుగా రాలేదు. నదిలో ఆటుపోట్ల వల్ల నీటిమట్టం మారుతూ ఉంటుంది కనుక లాకు గుండా లోపలికి రావాలి. ధవళేశ్వరం, విజయవాడ కాలువల మీద లాకులు చూసినవారికి ఇది సులభంగా అర్థమవుతుంది. పోటు అనుకూలిస్తే ఓడ లోపలికి వస్తుంది. లేకపోతే నదిలోనే వేచి ఉంటుంది. పత్రాలు సరిగా లేకపోతే అనుమతి దొరకదు.

1851లోనే కోల్‌కతా, డైమండ్ హార్బర్‌ల మధ్య టెలిగ్రాఫ్ తీగ మీద ఓడల రాకపోకల కబుర్లు అందేవి. కానీ ఓడ వచ్చిందన్న కబురు వేరు, సరుకు చేతికందడం వేరు. ఈ తేడాను గుర్తుంచుకోండి.

ఈ-మెయిల్ రవాణాకు 1981లో ఎస్‌ఎంటీపీ అనే నియమావళి ఏర్పడింది. దాని ప్రకారం మెయిల్ అందుకొనే సర్వర్ మూడంకెల సంకేతంతో జవాబిస్తుంది. ఆ సంకేతం 2తో మొదలైతే మెయిల్‌ను స్వీకరించినట్లు. 4తో మొదలైతే ‘ఇప్పుడు కాదు, మళ్లీ ప్రయత్నించండి’ అని అర్థం. ఇది పోటు కోసం ఆగిన ఓడ వంటిది. 5తో మొదలైతే తిరస్కరించినట్లు. అయితే స్వీకరించిన మెయిల్ ఇన్‌బాక్స్‌లోకే వెళ్తుందన్న హామీ లేదు. అది స్పామ్ పెట్టెలో పడినా లెక్కలో ‘చేరింది’ అనే ఉంటుంది. అంటే ఓడ లోపలికి వచ్చింది గాని సరుకు ఎవరూ చూడని గోదాములో ఉండిపోయింది.

మెయిల్ పంపే సంస్థల కోసం గూగుల్ 2015లో ‘పోస్ట్‌మాస్టర్ టూల్స్’ అనే ఉచిత సౌకర్యం ప్రారంభించింది. సంస్థ తన డొమైన్ తనదేనని నిరూపించుకుంటే, వ్యక్తిగత జీమెయిల్ ఖాతాలకు అది పంపిన మెయిళ్ల వివరాలు రోజువారీ గ్రాఫులుగా కనబడతాయి. పంపిన మెయిళ్లు చాలా తక్కువైతే గ్రాఫు ఖాళీగా ఉండవచ్చు. ఖాళీ అంటే సున్నా అని అనుకోకూడదు.

అన్నిటికంటే ముఖ్యమైనది స్పామ్ రేటు. ఇది ఒక భిన్నం. లవం: గ్రహీతలు తామే ‘స్పామ్’ అని గుర్తు పెట్టిన మెయిళ్లు. హారం: ఇన్‌బాక్స్‌కు చేరిన మెయిళ్లు. పంపిన మొత్తం మెయిళ్లు హారం కాదు. ఈ రేటు 0.1 శాతం కంటే తక్కువ ఉండాలనీ, 0.3 శాతానికి ఎన్నడూ చేరకూడదనీ గూగుల్ సూచిస్తోంది.

ఒక లెక్క చేద్దాం. మన కళాశాల సోమవారం 10,000 మెయిళ్లు పంపింది, అన్నీ ఇన్‌బాక్స్‌కు చేరాయి అనుకుందాం. 40 మంది స్పామ్ అన్నారు. రేటు 0.4 శాతం. ఫిర్యాదులు ఎక్కువయ్యాయి కనుక మంగళవారం పంపిన 10,000లో 8,000 మెయిళ్లను జీమెయిల్ నేరుగా స్పామ్ పెట్టెకు పంపింది. ఇన్‌బాక్స్‌కు చేరినవి 2,000 మాత్రమే. వాటిలో ఇద్దరు స్పామ్ అన్నారు. రేటు 0.1 శాతం.

గ్రాఫు 0.4 నుంచి 0.1కి దిగింది. కార్యాలయంలో అందరూ సంతోషిస్తారు. కాని జరిగిందేమిటి? ఎనిమిది వేలమంది హాల్‌టికెట్లు కంటికి కనబడని చోట పడ్డాయి! స్పామ్ పెట్టెలో ఉన్నదాన్ని మళ్లీ ఎవరూ స్పామ్ అని గుర్తు పెట్టరు కదా. లవం తగ్గింది, హారం కూడా తగ్గింది. కనుక ఏ శాతం చూసినా ‘దీని హారం ఏమిటి?’ అని మొదట అడగండి.

రెండవది ప్రామాణీకరణ గ్రాఫు. ఈ డొమైన్ పేరుతో ఏ సర్వర్లు మెయిల్ పంపవచ్చో తెలిపే జాబితా ఎస్‌పీఎఫ్. మెయిల్ మీద వేసే డిజిటల్ సంతకం డీకేఐఎమ్. ‘పంపినవారు’ అన్నచోట కనిపించే డొమైన్‌తో ఇవి సరిపోలకపోతే ఏం చేయాలో చెప్పేది డీమార్క్. 2024 ఫిబ్రవరి నుంచి, జీమెయిల్‌కు రోజుకు 5,000 పైగా మెయిళ్లు పంపేవారికి ఈ మూడూ తప్పనిసరి. ఈ గ్రాఫు ఒక్కసారిగా పడిపోతే కారణం వెతకాలి. ఉదాహరణకు, కొత్త సర్వర్‌ను జాబితాలో చేర్చడం మరచిపోయి ఉండవచ్చు.

మూడవది డెలివరీ లోపాల గ్రాఫు. తాత్కాలిక లోపాలు పెరిగితే పంపే వేగం తగ్గించి చూడాలి. తిరస్కరణలు పెరిగితే అక్కడ చూపిన కారణాన్ని సరిదిద్దాలి. అదే మెయిల్‌ను పదేపదే పంపడం పరిష్కారం కాదు.

ఇక్కడ మీ పాత్ర కూడా ఉంది. మీరే కోరి చేరిన జాబితా ఇప్పుడు వద్దనుకుంటే ‘అన్‌సబ్‌స్క్రైబ్’ నొక్కండి. విసుగుతో ‘స్పామ్’ నొక్కితే, ఆ మెయిల్ కోసం ఎదురుచూసే మరొకరికి అది అందకుండా పోవచ్చు. పరీక్షలు, ఇంటర్వ్యూల రోజుల్లో స్పామ్ పెట్టెను కూడా తెరిచి చూడండి. జీమెయిల్‌లో అక్కడి మెయిళ్లు 30 రోజుల తరువాత వాటంతట అవే తొలగిపోతాయి.

చివరగా మీకొక అభ్యాసం. ఒక సంస్థ 6,000 మెయిళ్లు పంపింది. 5,900 స్వీకరణ పొందాయి. 1,500 ఇన్‌బాక్స్‌కు చేరాయి. ముగ్గురు స్పామ్ అన్నారు. స్పామ్ రేటు ఎంత? స్పామ్ పెట్టెకు వెళ్లినవి ఎన్ని? ఆ సంస్థ ‘98 శాతం చేరాయి’ అని ప్రకటిస్తే మీరేమంటారు? లెక్క చేసి, మీ మిత్రులతో చర్చించండి.