వదలి వెళ్ళిన సైకిలు

(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బయి ఐదు సంవత్సరాలు నిండిన పాఠశాల గూర్చి మాట్లాడవలసి వచ్చినప్పుడు ఉత్తీర్ణతా శాతాలు, భవన నిర్మాణ వివరాలు వినిపించడం ఆనవాయితీ. అవన్నీ నివేదికలో ముద్రితమై మీ చేతులలోనే ఉన్నవి. కనుక మీ అనుమతితో నేను ఒక పాత సైకిలు గూర్చి చెప్పదలచినాను. నన్ను ఈ బడికి చేర్చినది ఆ సైకిలే. ఆ కథ చివర పూర్వ విద్యార్థులకు ఒక విన్నపం కూడా ఉన్నది.

మన సండూరు 1949లో సంస్థానపు రోజులు ముగించుకొని మద్రాసు రాష్ట్రంలో చేరినది. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్ర రాష్ట్రానికి వెళ్ళగా, బళ్ళారి జిల్లాలోని మిగిలిన తాలూకాలతో పాటు మనము మైసూరు రాష్ట్రంలో కలిసినాము. ఎల్లలు మారినంత మాత్రాన ఇళ్ళలోని భాష మారలేదు. మాంగనీసు గనులలోను, ఇనుప గనులలోను పనికి వచ్చిన తెలుగు కుటుంబాలెన్నో ఈ కొండల నడుమ స్థిరపడినవి. వారిలో మా నాన్నగారు ఒకరు. ఒక గనిలో టైము కీపరుగా పనిచేసేవారు. చదివినది పాత యస్.యస్.యల్.సి. వరకే.

1983 మే నెలలో మేము ఊరిలోని ఇల్లు విడిచి, గనుల దారిలో తక్కువ అద్దెకు దొరికిన ఒక ఇంటికి మారినాము. ఆ జూన్‌లో నేను ఎనిమిదవ తరగతిలోనికి రావలసి ఉన్నది. కొత్త ఇంటి నుండి బడి మూడు మైళ్ళ దూరం. దారి పొడవునా ఖనిజం మోసే లారీలు, ఎర్రని దుమ్ము. పెద్దదాననవుతున్నానని, ఒంటరి నడక వద్దని, ఇక చదువు చాలునని అమ్మ పట్టుబట్టినది. నాన్నగారు ఔననలేదు, కాదనలేదు. ఆ మౌనమే నన్ను ఎక్కువ భయపెట్టినది.

ఆ ఇంటి పెరటి చావిడిలో ఒక హెర్క్యులిస్ సైకిలు గోడకు ఆనించి ఉన్నది. టైర్లలో గాలి లేదు, చైను తుప్పు పట్టినది, సీటు మీద కోళ్ళు వాలేవి. మాకు ముందు ఆ ఇంట అద్దెకున్న ఫిట్టరు దానిని వదలి వెళ్ళినాడు. గుత్త పని ముగియగానే భార్యాబిడ్డలతో రాత్రికి రాత్రే బయలుదేరినాడట. రెండు నెలల అద్దె, నెలకు ముప్పయి చొప్పున అరువది రూపాయలు, బాకీ పెట్టిపోయినాడు.

ఇంటి యజమానురాలు వృద్ధురాలు. ఒకనాడు ఆమె నాన్నగారితో, "ఏమప్పా, ఆ సైకిలు మూలన పడి కుళ్ళిపోతాంది. నాకు అరవై రూపాయలిచ్చి పాపకు తీసుకో. వానికి నాకు చెల్లు" అన్నది. చావిడి గుమ్మం వెనుక నిలబడి వింటున్న నాకు పండుగ వచ్చినట్లే అనిపించినది.

నాన్నగారు, "అద్దె బాకీ వేరవ్వా, సైకిలు వేరు. ఆయన్ను అడగకుండా నీవు అమ్మడానికీ లేదు, నేను కొనడానికీ లేదు. ముందు జాబు రాస్తాను" అన్నారు.

ఆ ఫిట్టరు స్వగ్రామం రాయదుర్గం సమీపంలోని ఒక పల్లె అని తెలిసి, నాన్నగారు జవాబు కార్డు వ్రాసినారు. సైకిలు భద్రంగా ఉన్నదని, వచ్చి తీసుకొనిపొమ్మని, అమ్మదలచినచో ధర తెలుపమని అందులోని సారాంశం. నెల గడచినా జవాబు లేదు. రెండవ కార్డు వ్రాసినారు. ఆ వైపు వెళ్ళే లారీ డ్రైవరుతో నోటిమాటగా కూడా కబురు పంపినారు. ఈలోగా వర్షానికి తడవకుండా సైకిలును చావిడి లోపలికి జరిపి, చైనుకు నూనె పూసి, గోనెపట్టా కప్పినారు. బడికి నన్ను ఉదయం తాను దింపి, సాయంత్రం తెలిసినవారి పిల్లల జతలో పంపించే ఏర్పాటు చేసినారు. దాని మూలంగా ఆయన పనికి వేళ తప్పి, రెండు మూడు పర్యాయాలు మాటపడినారు కూడా.

ఇప్పుడు నా తప్పు చెప్పవలెను. దసరా సెలవులలో ఒక ఆదివారం నాన్నగారు పనికి వెళ్ళినప్పుడు పట్టా తొలగించి, పక్కింటి అబ్బాయి తెచ్చిన పంపుతో గాలి కొట్టి, సైకిలును బాటకు తీసుకొనిపోయినాను. అడ్డతొక్కుడు నేర్చుకోవలెనని ఆశ. పల్లంలో బ్రేకు అందక రాతిని గుద్దినాను. మోకాలు చీరుకొనిపోయినది. అంతకన్న ఘోరంగా ముందు చక్రం వంగినది. సైకిలును తెచ్చి యథాస్థానంలో నిలిపి పట్టా కప్పినాను. మోకాటి గాయానికి కాలు జారినదని చెప్పినాను.

సాయంత్రం నాన్నగారు పట్టా ఎత్తి చూచినారు. టైరుకు అంటిన ఎర్రమట్టి తడి ఇంకా ఆరలేదు. ఆయన నన్ను కొట్టలేదు. "ఇంతవరకు మనము ఒకరి వస్తువును కాపాడుతున్నామమ్మా. ఈనాటి నుండి వాడుకొన్నవారమైనాము. ఆ మాట ఆయనకు చెప్పవలసి ఉంటుంది" అన్నారు. సంక్రాంతికి నాకు పరికిణీ కొనుటకు దాచిన సొమ్ముతో చక్రం బెండు తీయించి, విరిగిన పుల్లలు నాలుగు మార్పించినారు. ఖర్చును ఒక కాగితం మీద వ్రాసి సైకిలుకే కట్టినారు.

సంక్రాంతి వెళ్ళిన తరువాత ఆ ఫిట్టరు వచ్చినాడు. మనిషి చిక్కి సగమైనాడు. భార్యకు జబ్బు చేసి, ఊళ్ళు తిరిగి, ఉన్నవన్నీ అమ్ముకొన్నాడట. కార్డులు ఆలస్యంగా చేరినవి. సైకిలు అమ్మగా వచ్చిన దానితో అవ్వ బాకీ తీర్చి, మిగిలినది మందులకు వాడుకోవలెనని వచ్చినాడు. నాన్నగారు అతనిని కూర్చుండబెట్టి, మజ్జిగ ఇప్పించి, మొదట చెప్పిన మాట ఇది: "అన్నా, మా పాప నీ సైకిలు తొక్కి ముందు చక్రం వంచింది. బాగు చేయించినాము. చూసుకో." నేను తలుపు చాటున తల వంచుకొని నిలబడినాను.

ఆ పైన ధర ప్రస్తావన వచ్చినది. తమలో తాము బేరమాడుట కన్న సైకిలు షాపు మేస్త్రీ చెప్పిన వెలకు ఇద్దరూ కట్టుబడుదామని నాన్నగారు సూచించినారు. మేస్త్రీ ఫోర్కు, రిమ్ములు, బేరింగు గుండ్లు అన్నీ చూచి నూట నలువది రూపాయలని చెప్పినాడు. అందులో ఎనుబది రూపాయలు నాన్నగారు ఆ పూటే ఫిట్టరు చేతిలో పెట్టినారు. అతని తరఫున అవ్వకు చెల్లవలసిన అరువది రూపాయలకు తాను పూచీపడి, నెలకు ఇరువది చొప్పున మూడు నెలలలో తీర్చినారు. రెండు రసీదులు వ్రాయించినారు. సైకిలు చట్రం మీది నంబరు కూడా అందులో ఎక్కించినారు.

లెక్కల ఉపాధ్యాయినిగా ఆ లెక్కను నేను ఎన్నోసార్లు మనసులో వేసుకొన్నాను. జూన్ నెలలోనే అవ్వ మాట ప్రకారం అరువది రూపాయలకు తీసుకొని ఉంటే, అవ్వకు నష్టం లేదు, మాకు ఎనుబది రూపాయల లాభం. ఆ ఎనుబది రూపాయలు ఎవరివి? జబ్బుపడిన ఒక ఇల్లాలి మందులవి. ఆ సంగతి జూన్‌లో మాకెవరికీ తెలియదు. తెలియనప్పుడు ఆగుటయే న్యాయమని నాన్నగారి నమ్మకం.

ఆయన న్యాయశాస్త్రం చదవలేదు. తరువాతి కాలంలో నేను చదివి తెలుసుకొన్నదేమనగా, చట్టం కూడా ఇంచుమించు ఆ మాటే చెప్పుచున్నది. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 71వ సెక్షను ప్రకారం, దొరికిన వస్తువును తన అధీనంలోనికి తీసుకొన్నవాడు, ఒకరు అప్పగించిన వస్తువును కాపాడేవానితో సమానమైన బాధ్యత వహించవలెను. భారత శిక్షాస్మృతిలోని 403వ సెక్షను వివరణ ఇంకను స్పష్టం. యజమానికి తిరిగి ఇచ్చుటకై వస్తువును తీసి దాచినవాడు దోషి కాడు. యజమాని ఎవరో తెలిసి, లేదా తెలుసుకొనే మార్గం ఉండి, స్వంతానికి వాడుకొన్నవాడు దోషి. తగిన ప్రయత్నం చేయక, కబురు పంపక, తగినంత కాలం వేచి ఉండక సొంతం చేసుకొన్నవాడూ దోషియే. 2024 జూలై 1 నుండి ఆ స్మృతి స్థానంలో అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఈ విషయం 314వ సెక్షనులో ఉన్నది.

1984 ఫిబ్రవరి నుండి నేను ఆ సైకిలు మీద బడికి వచ్చినాను. పరికిణీ చైనులో పడకుండా అమ్మ అంచు మడిచి కుట్టి ఇచ్చినది. మొదటి వారం లారీలవారు ఈలలు వేసినారు. రెండవ నెలకు వారే హారను కొట్టి దారి ఇచ్చినారు. 1986లో పదవ తరగతి పూర్తి చేసినాను. ఆ చదువే లేకుంటే ఈనాడు ఈ వేదికపై నేను లేను. 1991 ప్రాంతంలో తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమంతో పాటు వేలాది మహిళలకు సైకిలు నేర్పించినారని చదివినప్పుడు, అందులోని అర్థం నాకు ఎవరూ విడమరచి చెప్పవలసిన అవసరం కలుగలేదు.

ఇంతటి పాఠం ఇంటిలోనే నేర్చుకొన్న నేను, ఉపాధ్యాయినినైన తరువాత దానిని మరచినాను. ఈ సభలో ఆ మాట దాచుట ధర్మం కాదు.

2011 జూలైలో సర్వోన్నత న్యాయస్థానం బళ్ళారి జిల్లాలో గనుల తవ్వకాన్ని నిలిపివేసినది. అడవికి, నేలకు జరిగిన హాని మీకు తెలియనిది కాదు. ఆ నిర్ణయపు అవసరాన్ని నేను ప్రశ్నించుట లేదు. అయితే లారీలు నిలిచిన కొద్ది నెలలలోనే కూలి కుటుంబాలు, డ్రైవర్ల కుటుంబాలు ఇళ్ళు ఖాళీ చేసి తరలిపోయినవి. మన తరగతులలో బెంచీలు ఖాళీ అయినవి. అనేకులు టి.సి. కూడా అడగలేదు. ఆ వేసవి నాటికి మన సైకిలు స్టాండులో పదునాలుగు సైకిళ్ళు దిక్కులేక నిలిచినవి. 2006-07 నుండి రాష్ట్ర ప్రభుత్వం ఎనిమిదవ తరగతి పిల్లలకు ఉచితంగా ఇచ్చిన సైకిళ్ళు కూడా వాటిలో ఉన్నవి.

దూరం నుండి నడిచివచ్చే ఒక బాలికకు వాటిలో ఒకదానిని నేనే ఇప్పించినాను. రిజిస్టరులో విలాసం ఉన్నది. ఉత్తరం వ్రాయలేదు. మంచి పని చేయుచున్నాననే ధీమాతో ఎవరినీ అడుగలేదు. 2013లో షరతులతో గనులు కొన్ని తెరువబడుటకు అనుమతి లభించిన తరువాత కొన్ని కుటుంబాలు తిరిగి వచ్చినవి. ఒకనాడు ఉదయం ఒక బాలుడు స్టాండులో నిలబడి, మడ్‌గార్డు మీద తాను మేకుతో గీసుకొన్న పేరును వేలితో తడుముచున్నాడు. ఆ సమయానికి ఆ బాలిక వచ్చి తన సంచీని ఆ సైకిలు హ్యాండిలుకే తగిలించినది. ఇద్దరూ నా వైపు చూచినారు. తప్పు ఆ ఇద్దరిలో ఎవరిదీ కాదు.

సైకిలు బాలునికి ఇచ్చివేసినాము. ఆ బాలికకు వేరొకటి సమకూర్చుటకు పది దినాలు పట్టినది. ఆ పది దినాలూ ఆమె నడిచి వచ్చినది, ఆలస్యంగా వచ్చినది, ఒక్కనాడైనా ఎందుకని అడుగలేదు. ఒకరి వస్తువును అడగక దానం చేసిన నా ఉదారతకు వెల చెల్లించినవారు ఇద్దరు పిల్లలు.

ఆ తరువాత మన పాఠశాలలో ఒక నియమం ఏర్పరచుకొన్నాము. స్టాండులో నిలిచిపోయిన ప్రతి సైకిలుకు గుర్తులు, చట్రం నంబరు రిజిస్టరులో వ్రాస్తాము. నోటీసు బోర్డు మీద ప్రకటిస్తాము. తెలిసిన విలాసానికి ఉత్తరం పంపుతాము, ఫోను ఉంటే మాట్లాడతాము. ఒక సంవత్సరం ఎండవానలు తగలకుండా భద్రపరుస్తాము. యజమాని సమ్మతి ఇచ్చిన సైకిలును మాత్రమే బాగు చేయించి మరొకరికి ఇస్తాము. జవాబు రానివాటిని, గడువు తీరిన తరువాత, యజమాని ఎప్పుడు వచ్చినా తిరిగి ఇవ్వవలెననే షరతుతో, తల్లిదండ్రుల సంతకం తీసుకొని వాడుకకు మాత్రమే ఇస్తాము.

ఈనాడు స్టాండు చివర తొమ్మిది సైకిళ్ళు ఉన్నవి. వాటి గుర్తుల పట్టిక ద్వారం వద్ద అంటించినాము. పూర్వ విద్యార్థులారా, భోజనానంతరం దయచేసి అటు వెళ్ళి చూడండి. మీది అయితే తీసుకొనిపొండి. లేదా ఇచ్చివేయుచున్నానని ఒక్క వాక్యం వ్రాసి సంతకం చేయండి. మీ స్నేహితునిది అని గుర్తిస్తే అతని విలాసం తెలుపండి. తల్లిదండ్రులకు నా మనవి: ఇల్లు మారునప్పుడు, ఊరు విడచునప్పుడు, పిల్లల వస్తువు గూర్చి బడికి ఒక మాట చెప్పిపొండి. ప్రస్తుతం మన బడికి నడిచి వచ్చే పిల్లలలో ఆరుగురు మూడు మైళ్ళకు పైబడి నడుస్తున్నారు. వారి పేర్లు నేను ఇక్కడ చదవను. వారి కోసం తొమ్మిది సంతకాలు అడుగుచున్నాను.

నాన్నగారు వ్రాయించిన ఆ రెండు రసీదులు నా వద్ద నేటికీ ఉన్నవి. కాగితం పసుపుబారినది. చట్రం నంబరు మాత్రం చదువుటకు వీలుగానే ఉన్నది.