యంత్రం వెనకవైపు

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

సంఘం కార్యదర్శి గారు ఫోన్ చేసి, "ముప్పై ఏళ్లుగా ఏదో మిషన్ల పని చేస్తున్నావు కదా, దాని గురించి కాసేపు చెప్పు, మాకు అర్థమయ్యేట్టు చెప్పు" అన్నారు. డాక్టర్లు, బ్యాంకు మేనేజర్లు, అమెరికా నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ వాళ్లు ఉన్న సభ ఇది. వాళ్ల ముందు నా పని ఒక్క ముక్కలో చెప్పాలంటే, పొడవాటి ఇనుప రాడ్డును లేత్ మిషన్‌లోకి వెనకనుంచి నెట్టడం. నవ్వండి, పర్వాలేదు. మా ఇంట్లోనూ నవ్వుతారు.

లేత్‌కు తెలుగులో తరిమెన అనే చక్కని మాట ఉంది. ఏటికొప్పాక బొమ్మలు చూశారు కదా, అంకుడు కర్రను తరిమెన మీద తిప్పుతూ ఉలి ఆనిస్తే గుండ్రంగా చెక్కుకుపోతుంది. లేత్ చేసేదీ అదే. కర్ర బదులు ఇనుము, ఇత్తడి, స్టీలు. మీ గ్యాస్ పొయ్యి జెట్, స్కూటర్ టైరు వాల్వు, నల్లా లోపలి పుల్ల, మా డాక్టరు మిత్రులు విరిగిన ఎముకకు బిగించే స్క్రూ, ఇవన్నీ పొడవాటి రాడ్డుగా మిషన్ వెనకనుంచి వెళ్లి, ముందువైపు ఒక్కొక్క పీసుగా తెగి ట్రేలో పడినవే.

మనిషి చెయ్యి పెట్టకుండా ఈ పని జరిగే మిషన్‌కు అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో క్రిస్టఫర్ స్పెన్సర్ అనే ఆయన 1873లో పేటెంట్ తీసుకున్నాడు. వాళ్ల అంతర్యుద్ధంలో పేరు మోసిన స్పెన్సర్ తుపాకీ కూడా ఆయనదే. మిషన్‌కు మెదడులాంటిది ఒక డ్రమ్ము. దాని మీద బిగించిన పట్టీలు ఏ టూలు ఎప్పుడు కదలాలో చెబుతాయి. ఆ డ్రమ్మును పేటెంట్‌లో చేర్చడం ఆయన వకీలుకు తట్టలేదు. మిగతా కంపెనీలన్నీ దాన్ని హాయిగా వాడుకున్నాయి. (వకీళ్లు ఈ సభలో ఉంటే మన్నించాలి.) ఆ దశకంలోనే స్విట్జర్లాండ్‌లో యాకోబ్ ష్వైట్జర్ గడియారాల సన్న స్క్రూల కోసం ఇంకో పద్ధతి కనిపెట్టాడు. అందులో టూలు రాడ్డు పొడవునా జరగదు, రాడ్డును పట్టుకున్న తలభాగమే ముందుకు జరుగుతుంది. ఇవాళ్టి కంప్యూటర్ లేత్‌లు చాలావరకు ఈ రెండు వంశాల పిల్లలే. మన దేశంలో పాత ఆటో లేత్‌ను ఏ కంపెనీ చేసినా 'ట్రాబ్ మిషన్' అనే అంటారు. ట్రాబ్ అనేది ఒక జర్మన్ కంపెనీ పేరు. డాల్డా లాగా అదే జాతి పేరైపోయింది.

మిషన్ ముందు ఏం జరుగుతుందో అందరూ చూస్తారు. టూలు, నూనె, మెరిసే పీసు. కొత్త మిషన్ కొన్నవాళ్లు కొబ్బరికాయ కొట్టేదీ ముందే. నా ఉద్యోగమంతా వెనకవైపు.

పాత ట్రాబ్ మిషన్ వెనక మూడు మీటర్ల పైచిలుకు ఇనుప గొట్టం ఉంటుంది, స్టాండ్ల మీద. రాడ్డు దాంట్లో పడుకుని ఉంటుంది. గొట్టం పొడవునా ఒక చీలిక. ఆ చీలికలోంచి ఒక నెట్టుడు పుల్ల రాడ్డు వెనక ఆని ఉంటుంది. దానికి తాడు, తాడు చివర కప్పీ మీదుగా వేలాడే బరువు. ముందువైపు కోలెట్ అనే పిడికిలి రాడ్డును పట్టుకుని తిప్పుతుంది. పీసు తెగగానే పిడికిలి వదులవుతుంది, బరువు కిందికి దిగుతుంది, రాడ్డు ముందుకు జరిగి స్టాపర్‌కు ఆనుతుంది, పిడికిలి మళ్లీ బిగుస్తుంది. మన పల్లెల్లో నూతి గిలక తెలిసినవాళ్లకు ఇందులో కొత్తేమీ లేదు. కరెంటు అక్కర్లేదు, చెడిపోయేది ఏమీ లేదు. అంత తెలివైన ఏర్పాటు నేను తక్కువ చూశాను.

చిక్కంతా రాడ్డు తిరుగుతూ ఉండటంలో ఉంది. హైస్కూల్లో మాష్టారు అనునాదం గురించి చెబుతూ, వంతెన మీదికి రాగానే సైనికులు కవాతు ఆపి మామూలుగా ఎందుకు నడుస్తారో అడిగేవారు. ప్రతి రాడ్డుకూ ఒక సహజమైన ఊపు ఉంటుంది. తిరిగే వేగం ఆ ఊపుతో కలిస్తే రాడ్డు మధ్యలో విల్లులా వంగి గిరగిరా కొట్టుకుంటుంది. పన్నెండు మిల్లీమీటర్ల మందం, 3 మీటర్ల పొడవు ఉన్న స్టీలు రాడ్డును రెండు చివర్లే ఆధారంగా పెట్టి తిప్పితే, లెక్క ప్రకారం నిమిషానికి సుమారు 160 చుట్ల దగ్గరే ఈ గొడవ మొదలవుతుంది. మిషన్ తిరిగేదేమో 2000, 3000. పొడవు సగం చేస్తే ఆ 160 నాలుగింతలై 640 అవుతుంది. మూడో వంతు చేస్తే తొమ్మిదింతలు, 1400 దాటుతుంది. పొడవు వర్గానికి విలోమం. 'ఈ వర్గాలూ విలోమాలూ మనకు ఎందుకురా' అని వెనక బెంచీలో గొణిగినవాళ్లు ఈ హాల్లోనే ఉన్నారు, పేర్లు చెప్పను.

మరి 160 దగ్గర వంగాల్సిన రాడ్డు 2000 దగ్గర ఎలా తిరుగుతోంది? గొట్టం ఆపుతోంది కాబట్టి. అంటే సెకనుకు ముప్పైసార్లకు పైగా రాడ్డు గొట్టం గోడను కొడుతోంది. రాడ్డు ఆరుపలకలదైతే ఇక చెప్పక్కర్లేదు. అలాంటివి పది మిషన్లు వరసగా ఉన్న షెడ్డులోకి మిమ్మల్ని తీసుకెళ్తే రెండో నిమిషంలో చెవులు మూసుకుంటారు. అక్కడ మనుషులు ఎనిమిది గంటలు నిలబడతారు. ఓవర్‌టైం ఉంటే పన్నెండు.

నాకు పని నేర్పిన ఉస్తాద్ అలాంటి షెడ్డులో పాతికేళ్లు చేశాడు. హైదరాబాదు షాపుల్లో పెద్ద సెట్టర్‌ను ఉస్తాద్ అనే పిలుస్తాం. ఆయన టూలు అరిగిందో లేదో కంటితో చూసేవాడు కాదు, చెవితో వినేవాడు. "సప్పుడు మారింది, ఆపు" అనేవాడు. ఆపి చూస్తే టూలు మొన చిట్లి ఉండేది. మాకు ఎంత విన్నా తేడా తెలిసేది కాదు. అందుకే ఇయర్‌మఫ్‌లు పెట్టుకోమంటే ఆయన ఒప్పుకునేవాడు కాదు. చెవులు మూసుకుంటే మిషన్ ఏమంటోందో ఎలా తెలుస్తుంది అని ఆయన వాదం. సెట్టర్లందరి వాదమూ ఇదే. దీన్ని మూర్ఖత్వం అనే సేఫ్టీ ఆఫీసర్లతో నేను ఏకీభవించను. వాళ్ల పనితనం చెవుల్లోనే ఉంది మరి.

యాభై దాటాక ఆయనకు మాట వినపడేది గానీ, మాటలో స, ఫ, చ లాంటి అక్షరాలు వినపడేవి కావు. రొద వల్ల వచ్చే చెవుడు ముందు పట్టేది ఆ సన్నని ధ్వనులనే. 'పాస్' అంటే 'పా' అని వినపడేది. మిషన్ దగ్గర పిల్లలు చెప్పినదానికి పొంతన లేని జవాబు చెబితే వెనక నవ్వేవాళ్లు. తర్వాత తర్వాత ఆయన మిషన్ బాడీ మీద అరచెయ్యి ఆనించి టూలు సంగతి కనుక్కోవడం మొదలుపెట్టాడు. కొంతవరకే తెలిసేది. చెవి పోయిన సెట్టర్‌కు సెట్టింగ్ పని ఇవ్వరు. ప్యాకింగ్‌లో కూర్చోబెట్టారు, జీతం తగ్గింది.

రొద వల్ల వచ్చే చెవుడు ఫ్యాక్టరీల చట్టం 1948 మూడో షెడ్యూలులో ఉండేది. సీసం విషం, సిలికోసిస్ ఉన్న జాబితాలోనే ఉండేది. ఆ చట్టం కింద వచ్చిన నమూనా నియమాల్లో ఎనిమిది గంటలకు 90 డెసిబెల్స్ హద్దుగా ఉండేది. 95 అయితే నాలుగు గంటలే, 100 అయితే రెండే. రాడ్డు గొట్టంలో కొట్టుకునే షెడ్డులో 90 దాటడం మామూలు విషయం. కొలిచే మీటరు లేకపోతే ఒక మోటు గుర్తు చెబుతాను. చెయ్యి చాచిన దూరంలో ఉన్న మనిషితో అరిచి మాట్లాడాల్సి వస్తే అక్కడ చెవులకు ముప్పు ఉన్నట్టే.

ఇంత తెలిసీ రాడ్డును చిన్న ముక్కలు చేసి వాడరెందుకు అని అడగవచ్చు. మీటరు ముక్క అయితే మిషన్ స్పిండిల్ లోపలే ఇమిడిపోతుంది, బయట గొట్టమే అక్కర్లేదు. జవాబు అంకెల్లో ఉంది. పీసు పొడవు 40 మిల్లీమీటర్లు అనుకోండి. కోసేటప్పుడు టూలు ఇంకో 3 తింటుంది. చివర పిడికిలి పట్టుకోవడానికి 150 వదిలెయ్యాలి, దాన్ని ఎండ్ పీస్ అంటాం. మూడు మీటర్ల రాడ్డు నిలువుగా వేస్తే 66 పీసులు వస్తాయి. అదే మూడు ముక్కలు చేస్తే ప్రతి ముక్కకూ ఒక ఎండ్ పీస్ పోతుంది. ముక్కకు 19 చొప్పున మొత్తం 57. తొమ్మిది పీసులు తేడా. రోజుకు వంద రాడ్లు నడిపేవాడికి అది తొమ్మిది వందలు. పీసుకు పైసల్లో బేరమాడే చిన్న షాపు యజమానిని నేను తప్పుపట్టలేను. ఆయనకు ఆర్డరు ఇచ్చే పెద్ద కంపెనీ ఆ తొమ్మిది పీసుల్నీ ముందే లెక్కగట్టి రేటు తగ్గించి ఉంటుంది.

కానీ అదే లెక్క ఇంకో రకంగా ప్రాణం మీదికి తెస్తుంది. కంప్యూటర్ లేత్ కొని, ఫీడర్‌కు డబ్బు చాలక, రాడ్డును స్పిండిల్ వెనకనుంచి కాస్త బయటికి ఉంచి నడిపేవాళ్లు ఉన్నారు. 'అరమీటరే కదా' అంటారు. ఒకవైపు ఏ ఆధారమూ లేని అరమీటరు రాడ్డుకు, అదే పన్నెండు మిల్లీమీటర్ల మందానికి, హద్దు సుమారు 2000 చుట్లు. ఊరూ పేరూ అనవసరం, ఒక షాపులో ప్రోగ్రాం 2500 మీద నడుస్తోంది. రాడ్డు ఒక్క క్షణంలో లంబకోణంలో వంగిపోయి కొడవలిలా తిరిగింది. వెనకున్న ప్లాస్టిక్ స్టూలు ముక్కలైంది. ఆ స్టూలు మీద కూర్చునే కుర్రాడు టీకి వెళ్లాడు కాబట్టి బతికాడు. నేను వెళ్లేసరికి ఆ ముక్కలు ఇంకా ఎత్తలేదు. కుర్రాడు గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు, టీ గ్లాసు చేతిలోనే ఉంది.

ఇప్పుడు మందు సంగతి. గొట్టంలోకి నూనె పంపుచేస్తే, తిరిగే రాడ్డు తన చుట్టూ నూనెను లాక్కుని దాని పొర మీద తేలుతుంది. కరెంటు టర్బైన్ల బేరింగులు పనిచేసేది ఇదే సూత్రం మీద. రాడ్డు గోడను తాకదు, రొద బాగా తగ్గుతుంది, వేగం పెంచుకోవచ్చు, పీసు నునుపుగా వస్తుంది. ఇంకా ఖరీదైన వాటిలో పక్కన ఒక అరలో పదీ పదిహేను రాడ్లు పేర్చి పెడితే, ఒకటి అయిపోగానే మిషన్ తనే ఎండ్ పీస్‌ను వెనక్కి లాగి పారేసి ఇంకోటి వేసుకుంటుంది. రాత్రి షిఫ్టులో మనిషి అక్కడ నిలబడనక్కర్లేదు.

అయితే ఫీడర్ అమ్మేవాళ్లు చెప్పని మాటలు కొన్ని ఉన్నాయి. గొట్టం రాడ్డు మందానికి తగ్గది కాకపోతే నూనె ఎంత పోసినా ప్రయోజనం లేదు. పన్నెండు మిల్లీమీటర్ల రాడ్డును ముప్పై మిల్లీమీటర్ల గొట్టంలో వేసి, 'లక్షలు పోశాం, రొద తగ్గలేదు' అని నన్ను పిలిచినవాళ్లు చాలామంది. రాడ్డు కూడా తిన్నగా ఉండాలి, మీటరుకు అర మిల్లీమీటరు వంపు కంటే ఎక్కువ ఉంటే తీసుకోవద్దు. స్టీలు షాపులో కట్టలోంచి ఒక రాడ్డు లాగి సిమెంటు నేల మీద దొర్లించండి, వంకర ఉంటే అదే చెబుతుంది. షాపువాడు విసుక్కుంటాడు, విసుక్కోనివ్వండి. రాడ్డు కొసలు కత్తిరించిన చోట ముళ్లు తీసి మొన వాలుగా చెయ్యాలి, లేకపోతే కోలెట్ గీసుకుపోతుంది. ఫీడర్ కొనే స్తోమత లేనివాళ్లు పాత గొట్టంలోనే నైలాన్ బుష్‌లు, స్పిండిల్‌లో రాడ్డు సైజుకు సరిపడే లైనర్ వేయించుకోవచ్చు. లోకల్‌గా టర్నింగ్ చేయించుకుంటే అయిపోయే పని, పెద్ద ఖర్చు కాదు. ఇక స్పిండిల్ వెనక రాడ్డు జానెడు కూడా బయటికి రానివ్వకండి, ఎవరు ఎంత తొందరపెట్టినా సరే.

మన బ్యాచ్‌ల్లో వర్క్‌షాపులు నడుపుతున్నవాళ్లు ముగ్గురు ఇవాళ వచ్చారని విన్నాను. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఒకే బంతిలో కూర్చుందాం. మీరు వాడే రాడ్డు మందం, గొట్టం లోపలి కొలత, మిషన్ చుట్లు, ఈ మూడూ చెప్పండి చాలు, మిగతా లెక్క విస్తరి పక్కనే చేద్దాం. ఎండ్ పీసులు తుక్కుకు వేసేముందు ఒక సంచి పక్కన పెట్టండి. ఐటీఐ పిల్లలకు టర్నింగ్ నేర్చుకోవడానికి జానెడు ముక్కలు బాగా పనికొస్తాయి, నేను వచ్చి పట్టుకెళ్తాను.