ఇంటి కరెంటు పొదుపు: లెక్క ఎవరు కట్టాలి?

మాష్టారి రచనల గురించి ఈ స్మారక సభలో నాకు ముందు మాట్లాడినవారు వివరంగానే చెప్పారు. నాకు మాత్రం ఆయన అనగానే, గది దాటాక వెనక్కొచ్చి ఫ్యాను ఆగిందో లేదో చూసుకునే మనిషే గుర్తొస్తారు.

నేను మాట్లాడేదీ ఆ పొదుపు గురించే. ఎల్‌ఈడీ బల్బు మేలైనదన్న విషయంలో వివాదం లేదు. 2014లో గుంటూరు, అనంతపురం వంటి జిల్లాల్లో పాత బల్బు తెచ్చినవారికి ₹10కే ఎల్‌ఈడీ ఇచ్చారు. 2015 జనవరిలో ఉజాలా పేరుతో ఆ పథకం దేశమంతటికీ పాకింది. కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థ ఈఈఎస్‌ఎల్ టోకున కొనడంతో ₹310 ఉన్న కొనుగోలు ధర ₹38కి దిగింది. ఇదంతా మీకు తెలిసిందే.

నా పేచీ ఆదా లెక్కతో. 36.78 కోట్ల బల్బులు పంచామనీ, ఏటా 4,777.8 కోట్ల యూనిట్లు మిగులుతున్నాయనీ 2022 జనవరిలో కేంద్రం ప్రకటించింది. భాగించి చూడండి, బల్బుకు 130 యూనిట్లు. 60 వాట్ల బల్బు తీసి 9 వాట్లది పెట్టారనుకుందాం, తేడా 51 వాట్లు. అంత ఆదా రావాలంటే ప్రతి బల్బూ ఏడాది పొడుగునా రోజుకు ఏడు గంటలు వెలగాలి, స్నానాల గదిలోదైనా సరే. తీసింది 14 వాట్ల సీఎఫ్‌ఎల్ అయితే తేడా 5 వాట్లే, ఆదా 13 యూనిట్లే. పాత బల్బు తిరిగిచ్చారుగా అంటారు. ఇచ్చిన బల్బు రోజూ ఎన్ని గంటలు వెలిగేదో ఎవరు చూశారు?

అమెరికాలోని మిచిగన్‌లో ఆర్థికవేత్తలు ఫౌలీ, గ్రీన్‌స్టోన్, వోల్‌ఫ్రమ్ సుమారు 30,000 కుటుంబాలతో చేసి 2018లో ప్రచురించిన అధ్యయనాన్ని మనవాళ్లు చదవాలి. వేడి బయటికి పోకుండా చేసిన ఇళ్ల మరమ్మతుతో మిగులుతుందని ఇంజనీర్లు అంచనా వేసిన ఇంధనం, నిజంగా మిగిలినదానికి మూడు రెట్లకు పైనే. జనం ఇళ్లను మరింత వెచ్చగా ఉంచుకున్నారేమో అని కొందరి సమాధానం. గది ఉష్ణోగ్రతలు చూస్తే దానికి చెప్పుకోదగ్గ ఆధారం దొరకలేదు. అది చలిదేశపు సంగతి, బల్బుకు వర్తించదని నాతో వాదించినవారున్నారు. ఇంటి వేడి లెక్క కష్టమన్నది నిజమే. కానీ కొలవకుండా ఆదాను ఊహించుకోవడం రెండు చోట్లా ఒకటే.

బల్బులు పంచిన చేతులే ఆదానూ రాసుకుంటే ఇంతే. అమెరికాలోనే వెర్మాంట్ రాష్ట్రంలో 2000 నుంచి పొదుపు పనిని కరెంటు కంపెనీల నుంచి విడదీసి వేరే సంస్థకు అప్పగించారు. డబ్బు బిల్లులపై రుసుము నుంచి వస్తుంది. ఆ సంస్థ చూపిన ఆదాను ఏటా ప్రభుత్వ శాఖ సరిచూస్తుంది. మన రాష్ట్రంలోనూ పంచేవారు వేరు, కొలిచేవారు వేరు కావాలి.

ఇప్పుడు మా విద్యార్థులు చేస్తున్నది ఆ కొలిచే పనే. ఇంటింటికీ వెళ్లి, బల్బు మార్చకముందటి బిల్లులనూ తర్వాతి బిల్లులనూ పక్కపక్కన పెట్టి చూస్తున్నారు. అయితే చాలామంది పాత బిల్లులు దాచుకోరు. కరెంటు పంపిణీ సంస్థల (డిస్కంల) దగ్గర అవి ఉన్నాయి. వినియోగదారుల పేర్లూ సర్వీసు నంబర్లూ తీసేసి, నెలవారీ యూనిట్లను పరిశోధకులకు ఇవ్వమని ఈ వేదిక నుంచి విద్యుత్ నియంత్రణ మండలిని కోరుతున్నాను.