అగ్నిపర్వతం మీద బ్యాటరీ సైకిల్
(సీనియర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రిటైరయ్యాక ఆరోగ్యం, విహారం అనే విషయం మీద నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను డాక్టర్ని కాను, ట్రావెల్ ఏజెంటునూ కాను. ముప్పై అయిదేళ్ళు కంప్యూటర్ ముందు కూర్చుని, చివరికి గుండెలో రెండు స్టెంట్లు సంపాదించుకున్న ఇంజనీర్ని. అందుచేత ఉపన్యాసం జోలికి పోను. 2024 మార్చిలో మా ఆవిడా నేనూ హవాయి వోల్కనోస్ నేషనల్ పార్కులో ఎలక్ట్రిక్ సైకిళ్ళ మీద తిరిగిన ఒక్కరోజు గురించి చెబుతాను. ఆ రోజు నేను చేసిన తెలివితక్కువ పని కూడా చెబుతాను. అసలు చెప్పుకోదగ్గది అదే.

హవాయి అనగానే మనకు బీచీలు గుర్తొస్తాయి. ఈ పార్కు ఉన్నది బిగ్ ఐలండ్‌లో, హిలో ఊరికి ముప్పై మైళ్ళ దూరంలో. 1916లో ఏర్పడింది. 1987లో యునెస్కో వారసత్వ సంపద జాబితాకెక్కింది. కిలావేయా, మౌనా లోవా అనే రెండు సజీవ అగ్నిపర్వతాలు ఇందులోనే ఉన్నాయి. కిలావేయా శిఖరం నాలుగు వేల అడుగుల ఎత్తు. కింద సముద్రం దగ్గర చెమటలు పడుతుంటే పైన స్వెట్టర్ కావాలి, రెయిన్ కోటూ కావాలి.

కార్లో తిరగొచ్చు కదా అని మా అబ్బాయి అన్నాడు. అంతకు ముందోసారి కార్లో తిరిగాం. పార్కింగులో దిగడం, ఫొటో తీసుకోవడం, మళ్ళీ ఎక్కడం. చూసింది పార్కునో పార్కింగు స్థలాలనో తెలియలేదు. ఈసారి సైకిలన్నాను. స్టెంట్లు వేసిన డాక్టరు గారు "ఆయాసం రాకుండా మెల్లగా తొక్కండి" అని ఒప్పుకున్నారు. మా ఆవిడ ఒప్పుకోవడానికి ఇంకో రెండు వారాలు పట్టింది.

సైకిళ్ళు అద్దెకిచ్చినతను హెల్మెట్లు, మ్యాపు, పంక్చరు సామాను చేతికిచ్చి సాగనంపాడు. గైడు ఎవరూ ఉండరు. మన ఇష్టం వచ్చినచోట ఆగొచ్చు. మామూలు సైకిళ్ళను అనుమతించే దారుల్లోనే వీటినీ అనుమతిస్తారు. కాలిబాటల్లోకి తీసుకెళ్ళకూడదు, సైకిలు పెట్టి నడిచి వెళ్ళాలి. పెడల్ తొక్కుతుంటే మోటారు వెనకనుంచి ఎవరో చెయ్యేసి తోసినట్టు తోస్తుంది. ఎంత తోయాలో మీట నొక్కి మనమే చెప్పాలి. మా ఆవిడ ఒకటో నంబరులో పెట్టుకుంది. నేను మొదట్నుంచీ పెద్ద నంబరే. ఇరవై ఏళ్ళ కుర్రాణ్ణయిపోయాననుకోండి!

మొదట ఆవిరి బిలాల దగ్గర ఆగాం. వాన నీరు భూమిలోకి ఇంకి, వేడి రాళ్ళకు తగిలి, ఆవిరై పైకొస్తుంది. కళ్ళజోడు మసకబారింది. ఆ పార్కులోనే కిలావేయా ఇకీ అనే బిలం ఉంది. 1959లో అందులోంచి లావా 1,900 అడుగుల ఎత్తుకు చిమ్మిందట. ఆ బూడిదా, కంకరా పడి చచ్చిపోయిన అడవి మధ్యగా ఇప్పుడొక బాట ఉంది. దానికి వినాశనపు బాట అనే పేరు. కానీ అక్కడ నేను చూసింది వినాశనం కాదు. నల్లటి కంకరలోంచి ఓహియా చెట్లు లేచి ఎర్రటి పూలు పూస్తున్నాయి. దారి పక్కన నేనే అనే బాతులు రెండు తాపీగా నడుస్తున్నాయి. అది ఆ రాష్ట్ర పక్షి. 1950ల నాటికి సుమారు ముప్పై మాత్రమే మిగిలితే, పెంచి మళ్ళీ అడవిలోకి వదిలారు. అవి రోడ్డు దాటేదాకా ఆగాం.

అక్కడి నుంచి పాత రోడ్డు మీద ఒక మైలు వెళితే కేయనకాకోయి. ఆ ముక్క మీద కార్లు తిరగవు, నడిచేవాళ్ళూ సైకిళ్ళూ మాత్రమే. అక్కడ నిలబడితే మహా బిలం కనిపిస్తుంది. 2018 మేలో మొదలై ఆగస్టు దాకా, పర్వతం కడుపులో ఉన్న లావా తూర్పు వైపుకు జారిపోయి, పైనున్న నేల ఆసరా లేక కూలిపోయింది. కార్లు తిరిగిన రోడ్డులో కొంత భాగం కూడా బిలంలో పడిపోయింది. అదే లావా కింద ఊళ్ళలో ఏడు వందలకు పైగా ఇళ్ళను మింగేసింది. మేం వెళ్ళినప్పుడు ఎర్రటి లావా ఏమీ లేదు, సన్నగా పొగ మాత్రమే. "ఇంత దూరం వచ్చింది పొగ చూడ్డానికా?" అన్నాను. "ఇంట్లో స్టవ్వార్పితే చాలు, కంగారు పడతారు. ఇక్కడ మండలేదని బాధా?" అంది మా ఆవిడ.

ఇక అసలు కథ. అక్కడి నుంచి సముద్రం దాకా చైన్ ఆఫ్ క్రేటర్స్ రోడ్డని ఒకటుంది. సుమారు 19 మైళ్ళలో 3,700 అడుగులు దిగుతుంది. దారిలో తిండి దొరకదు, నీళ్ళు దొరకవు. మా పథకం ప్రకారం మౌనా ఉలు దాకా వెళ్ళి వెనక్కి తిరగాలి. అక్కడ 1969 నుంచి 1974 దాకా లావా పొంగి, పాత రోడ్డును మైళ్ళకొద్దీ కప్పేసింది. నల్లటి రాయి, తాళ్ళు పేనినట్టు మడతలు మడతలుగా గడ్డకట్టి ఉంది.

మాది కొవ్వూరు దగ్గర పల్లెటూరు. చిన్నప్పుడు పంగిడి, గౌరీపట్నం క్వారీల నుంచి నల్లరాయి కంకర లారీలు మా ఊరి మీదుగా వెళ్ళేవి. ఆ రాయీ ఒకనాటి లావాయేనని నాకు రిటైరయ్యేదాకా తెలియదు. ఆరున్నర కోట్ల ఏళ్ళ క్రితం పశ్చిమాన పొంగిన దక్కన్ లావా వందల మైళ్ళు ప్రవహించి మన గోదావరి తీరం దాకా వచ్చిందని శాస్త్రజ్ఞులు చెబుతారు. ఇక్కడ చేత్తో తడిమిన రాయి అదే జాతి, కానీ నాకంటే వయసులో చిన్నది! చిన్న ముక్క జేబులో వేసుకోబోయాను. "పెట్టెయ్యండి, తీసుకెళ్ళకూడదని రాశారుగా" అంది ఆవిడ. పెట్టేశాను. అలా తీసుకెళ్ళినవాళ్ళు తర్వాత పశ్చాత్తాపంతో పోస్టులో తిప్పి పంపుతుంటారట.

రాయి విషయంలో ఆవిడ మాట విన్నాను గానీ, దారి విషయంలో వినలేదు. ముందు రోడ్డు నున్నగా, పల్లంగా, దూరంగా నీలం సముద్రంతో పిలుస్తోంది. "ఏవండీ, ఇదంతా మళ్ళీ ఎక్కాలి" అంది. "దిగేటప్పుడు బ్యాటరీ దానంతటదే నిండుతుంది, ఇంజనీర్ని నాకు తెలీదా" అన్నాను. కార్లలో నిండుతుంది. మామూలు ఎలక్ట్రిక్ సైకిళ్ళలో చాలావాటికి ఆ ఏర్పాటే ఉండదు. అది అడిగి తెలుసుకోలేదు. కెయలాకోమో అనే చోటు దాకా, అంటే రోడ్డు మొదలు నుంచి దాదాపు పది మైళ్ళు, గాల్లో తేలిపోయాం. అక్కడ కూర్చుని పులిహోర తిన్నాం. అంత రుచైన పులిహోర మళ్ళీ తినలేదు.

తిరుగు ప్రయాణంలో సగం దారి కాకముందే నా బ్యాటరీ అయిపోయింది. యాభై పౌన్ల పైచిలుకు బరువున్న సైకిలు, ఎదురు గాలి, సన్నటి వాన. ఫోన్‌కి సిగ్నల్ లేదు. తోసుకుంటూ నడిచాను. ఆవిడ సైకిల్లో ఇంకా సగం బ్యాటరీ ఉంది. "నాది మీరు తీసుకోండి" అంది. మగాణ్ణి కదా, వద్దన్నాను. ఇంకో అర మైలు తోసేసరికి ఛాతీలో పట్టేసినట్టయింది. ఆవిడకు చెప్పలేదు. సైకిలు పక్కన పెట్టి, షూ లేసు కట్టుకుంటున్నట్టు వంగి కూర్చున్నాను. ఆవిడ వచ్చి నా ముందు మోకాళ్ళ మీద కూర్చుని, నా మొహం చూసి, ఏమీ అడగకుండా పర్సులోంచి నాలిక కింద పెట్టుకునే మాత్ర తీసింది. ఆ మాత్ర నా జేబులో ఉండాలి. హోటల్లో మర్చిపోయింది నేను, గుర్తుంచుకుని తెచ్చింది ఆవిడ.

కాసేపటికి ఒక పికప్ ట్రక్కు ఆగింది. నడిపేది అక్కడి కుర్రాడే. "అంకుల్, ఆంటీ, ఎక్కండి" అన్నాడు. మనలాగే హవాయిలోనూ పెద్దవాళ్ళను అలాగే పిలుస్తారు. సైకిళ్ళు వెనక పడేశాడు. దారిలో మాటల్లో తెలిసింది, 2018లో వాళ్ళ అమ్మానాన్నల ఇల్లు లావా కింద పోయిందట. కోపం రాలేదా అని అడిగాను. "అది పెలే నేల. మాకు కొన్నాళ్ళు ఉండనిచ్చింది. నాన్న వెళ్ళిపోయే ముందు ఇల్లు ఊడ్చి మరీ బయటికొచ్చాడు" అన్నాడు. పెలే వాళ్ళ అగ్నిదేవత. తర్వాత చాలాసేపు ముగ్గురం మాట్లాడుకోలేదు.

అదే సాయంత్రం ఆసుపత్రికి వెళ్ళాం. పెద్ద ప్రమాదమేమీ లేదన్నారు. కానీ ఆ రాత్రి మా ఆవిడ ఒక్కమాటంది: "నాకు సముద్రం చూపించాలనుకున్నారా, మీకేమీ కాలేదని చూపించాలనుకున్నారా?" నా దగ్గర జవాబు లేదు. మోటారు తోస్తుంటే అది నా బలమే అనుకున్నాను. కాదు, అది అప్పు. పల్లంలో ఎవరైనా దూసుకుపోతారు. ఎంత దూరం దిగాలో నిర్ణయించాల్సింది తిరిగి ఎక్కే శక్తిని బట్టి.

మీరూ వెళ్ళండి. భయపెట్టడానికి ఇదంతా చెప్పలేదు. బయల్దేరే ముందు పార్కువారిని రోడ్ల సంగతీ, గాలి సంగతీ అడగండి. గంధకపు పొగ గుండెజబ్బు, ఉబ్బసం ఉన్నవాళ్ళకు మంచిది కాదు. 2024 డిసెంబరు 23న మొదలైన విస్ఫోటనంలో లావా విడతలు విడతలుగా చిమ్మింది, 2025లో వెయ్యి అడుగులు దాటిన సందర్భాలున్నాయి. కాబట్టి కంచెలు దాటకండి. బ్యాటరీ మూడో వంతు ఖర్చవగానే వెనక్కి తిరగండి. మందులు ఎవరివి వాళ్ళ జేబుల్లో పెట్టుకోండి.

మేం మళ్ళీ వెళ్ళాలనుకుంటున్నాం. ఈసారి మౌనా ఉలు దాకానే. సముద్రం దగ్గరికి కార్లో వెళ్తాం. ఎక్కడ వెనక్కి తిరగాలో ఆవిడ చెబుతుంది, నేను తిరుగుతాను. పులిహోర మాత్రం తప్పదు.