ఫోనులో వచ్చిన పథ్యము ఎవరికి సరిపడును?

(గ్రంథాలయ రజతోత్సవ సందర్భమున చదువబడిన ఉపన్యాసము)



జి. కొండూరు, మైలవరము, నూజివీడు ప్రాంతములలో మామిడితోట కొనువాడు చెట్టును రోడ్డుమీదనుండి చూచి బేరము చెప్పడు. లోనికి పోయి కొమ్మల నడుమ తలయెత్తి చూచును. నేల యెట్టిదో, నీరెంత పెట్టినారో, తేనెమంచు పురుగు తగిలినదో లేదో విచారించును. చెట్టు విషయమున ఇంత జాగ్రత్తపడు మనుష్యుడే సెల్‌ఫోనులో ఒక ప్రకటన చూచి, తొంబది దినముల ఆహార వ్యాయామ కార్యక్రమమునకు అప్పటికప్పుడు సొమ్ము కట్టుచున్నాడు. అతని దేహమును ఆ కార్యక్రమము చూడలేదు. దాని నడుపువారెవరో అతడును ఎరుగడు.

ఇట్టి కార్యక్రమములన్నియు మోసములని చెప్పుట అన్యాయము. తెలుగునాట పథ్యప్రచారము కొత్తదికాదు. ఉప్పు, నూనె విడువుమని మంతెన సత్యనారాయణరాజుగారు బోధించిరి. కొర్రలు, సామలు, అరికెలు, ఊదలు, అండుకొర్రలు తినుడని ఖాదర్ వలీగారు చెప్పుచున్నారు. 2017, 2018 సంవత్సరములలో వీరమాచనేని రామకృష్ణగారి పథ్యము ఊరూర మారుమ్రోగెను. వరియన్నము మాని దినమునకు 70 మొదలు 100 గ్రాముల కొవ్వు, మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీరు, రెండు మల్టీవిటమిన్ మాత్రలు. ఇవి దాని నాలుగు స్తంభములు. ఆ రోజులలో యూట్యూబులో ఆ ప్రసంగము వినని యిల్లు అరుదు. బరువు తగ్గినవారును కలరు, ఆక్షేపించిన వైద్యులును కలరు. ఒకరు ఉప్పు విడువుమనిరి, ఒకరు అన్నము విడువుమనిరి, మరియొకరు అన్నము బదులు చిరుధాన్యము తినుమనిరి. ముగ్గురి మాటయు ఒకేసారి విన్నవానికి మిగులునది మంచినీళ్లే!

ఆహారము మార్చి మధుమేహమును లొంగదీయుట సాధ్యమా? కొందరికి సాధ్యమే. బ్రిటనులో జరిగిన ఒక పరిశోధన 2017లో లాన్సెట్ పత్రికయందు వెలువడినది. మధుమేహము వచ్చి ఆరేండ్లు దాటనివారికి, ఇన్సులిన్ వాడనివారికి, కొన్ని నెలలపాటు దినమునకు సుమారు 850 కేలరీల ఆహారమే యిచ్చిరి. ఏడాది గడచునప్పటికి నూటికి 46 మందికి మందులు లేకయే వ్యాధి అదుపులోనికి వచ్చెను. రెండవయేట ఆ సంఖ్య 36కు దిగెను. ఇందు గమనింపవలసినది మరియొకటి యున్నది. చక్కెర మాత్రలు, రక్తపోటు మాత్రలు మొదటి దినముననే ఆపినారు, ఆపినది వైద్యబృందము. ఆ తరువాతను వారిని ఆ బృందము చూచుచునే యుండెను. ప్రకటనలలో మొదటి సంఖ్య కనబడును గాని, ఈ కాపలా సంగతి కనబడదు.

కావున సరిపడునా లేదా యన్న ప్రశ్న పథ్యమును చూచినంత మాత్రమున తేలదు. దానిని ఆచరింపబోవు మనిషిని చూడవలెను. అందు మొదటిది, ఆతడు మ్రింగుచున్న మాత్రలు. గ్లిమెపిరైడ్ అను మాత్ర, తిన్నను తినకున్నను, దేహమున ఇన్సులిన్‌ను పుట్టించును. అది వేసికొని అన్నము మానినవానికి రక్తములో చక్కెర పడిపోయి, చెమటపట్టి, చేతులు వణకి, స్పృహ తప్పవచ్చును. డాపాగ్లిఫ్లోజిన్ అను మరియొక మాత్ర 2020 తరువాత ధర తగ్గి విరివిగా వాడుకలోనికి వచ్చినది. అది చక్కెరను మూత్రమున వెడలించును. దానిని మ్రింగుచు పిండిపదార్థమును పూర్తిగా విడిచినచో, కొందరిలో రక్తమున ఆమ్లము పేరుకొనును. వాంతులు, ఆయాసము కలుగును. విచిత్రమేమన, అప్పుడు చక్కెర కొలుచు యంత్రము పెద్ద సంఖ్యను చూపకపోవచ్చును. చక్కెర బాగున్నదిగదా యని ఇంటివారు ఊరుకొందురు. అట్టివానిని ఆ క్షణమే ఆసుపత్రికి చేర్చవలెను.

రెండవది మూత్రపిండములు. ఈ విషయమున ఈ జిల్లావారికి ఎవరును పాఠము చెప్పనక్కరలేదు. ఎ. కొండూరు మండలపు తండాలలో మూత్రపిండ వ్యాధి ఎందరిని కూలదోసినదో, డయాలిసిస్‌కై ఎందరు తిరుగుచున్నారో తెలిసినదే. ఆ వ్యాధి మొదట నొప్పియు తెలుపదు, వాపును చూపదు. దానిని పట్టునది రక్తములో క్రియాటినిన్ పరీక్ష, మూత్రములో ఆల్బుమిన్ పరీక్ష. ఇప్పుడు ఫోనులోని వ్యాయామ గురువు కండ పెరుగుటకు ప్రొటీను పొడి దినమునకు రెండుమారులు త్రాగుమనును. వేరొకరు నాలుగు లీటర్ల నీరనును. మూత్రపిండములు దెబ్బతిన్నవానికి మొదటిది అదనపు భారము. వ్యాధి ముదిరినవానికి, గుండె బలహీనమైనవానికి, నీటికిని కొలత యుండును. అందరికిని ఒకటే చెప్పుటలో గురువునకు ద్వేషము లేదు; వేలమందికి ఒకే సందేశము పంపుట ఆయన వృత్తి. అయితే ఆ వేలమందిలో పరీక్ష చేయించుకొననివాడు ఎవడో ఆయనకెట్లు తెలియును?

మూడవది పని. రోహిణీకార్తె యెండలో చిక్కపు కర్రతో కాయ దింపి, పెట్టెలు లారీకెత్తు కూలికిని, దుకాణములో గల్లాపెట్టె వద్ద కూర్చున్నవానికిని ఒకే వ్యాయామ పట్టిక యేల? వారమునకు 150 నిమిషముల చురుకైన నడక చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పునది ప్రధానముగ రెండవవానికి అక్కరకు వచ్చును. మొదటివాడు రోజంతయు చెమట కార్చుచు, రక్తపోటునకు మూత్రము జారీచేయు మాత్ర మ్రింగుచు, ఉప్పును సున్న చేసినచో సోడియము పడిపోయి తూలిపడవచ్చును. రక్తపోటునకు ఉప్పు తగ్గించుట మేలే. దినమునకు 5 గ్రాములకు మించరాదన్నది ఆ సంస్థ మాట. తగ్గించుట వేరు, తుడిచిపెట్టుట వేరు. ఊరగాయ జాడీ నిండిన యింట ఆ 5 గ్రాములకు దిగుటయే పెద్ద తపస్సు!

గర్భిణులు, బాలింతలు, ఎదుగు పిల్లలు ఇట్టి కఠిన పథ్యముల జోలికి పోరాదు. పిత్తాశయమున రాళ్లున్నవారు బరువు శీఘ్రముగ తగ్గుటకు ముందు వైద్యుని అడుగవలెను.

ఇక కార్యక్రమము నడుపువారి సంగతి. సొమ్ము అడుగుటకు ముందు వయస్సు, వ్యాధులు, మాత్రలు, పరీక్షలు అడిగినారా? అడిగి, కొందరిని మీకిది తగదని త్రిప్పి పంపినారా? ఎవరిని చేర్చుకొనరో చెప్పలేని కార్యక్రమము అందరిని చేర్చుకొనును. ఔషధముచే మధుమేహము, స్థూలకాయము నయము చేయుదుమని ప్రకటించుట 1954 నాటి అభ్యంతరకర ప్రకటనల చట్టము క్రింద నిషిద్ధము. వైద్యులుగను ఆరోగ్య నిపుణులుగను సలహాలిచ్చు ప్రచారకులు తమ అర్హతను వెల్లడింపవలెనని కేంద్ర వినియోగదారుల వ్యవహారశాఖ 2023 ఆగస్టులో నిబంధన చేసినది. కావున అర్హత యేమని అడుగుట అమర్యాద కాదు. మునుపు లావు, పిదప సన్నము అని చూపు ఫోటోలలో నడుమ విడిచిపెట్టినవారి ఫోటో యుండదు. ఫోనులో ఒకమారు అనుమతించిన చందా, రద్దు చేయువరకు ప్రతి నెలయు ఖాతానుండి పోవుననియు జ్ఞప్తియందుంచవలెను.

వంటయింటిని మరచిన పథ్యమును గూర్చి స్త్రీలే చెప్పవలెను. ఇంటి పెద్ద ఓట్లు, బాదంపప్పు, అవకాడో అనుచుండగా, పిల్లలకు పప్పన్నము, అత్తగారికి జావ, ఆయనకు వేరొక వంట. మూడు పొయ్యిల చాకిరి ఎన్ని నెలలు సాగును? పథ్యము చేయువాడు సన్నబడునో లేదో, వండునామె తప్పక సన్నబడును.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన మార్గదర్శకములు చందా లేకయే లభించును. దినమునకు 2,000 కేలరీల లెక్కన ధాన్యము 250 గ్రాములు, కూరగాయలు ఆకుకూరలు 400, పప్పులు లేక మాంసము గ్రుడ్లు 85, గింజలు 35, నూనె 27, పండ్లు 100, పాలు 300 మిల్లీలీటర్లు అని అందు కలదు. కొవ్వు 100 గ్రాములను పథ్యమును ఆ 27 గ్రాముల ప్రక్కనుంచి చూచినచో ఎంత దూరము పోవలసియున్నదో తెలియును. ఈ కొలతకును ఈ ప్రాంతపు పళ్లెమునకును గల భేదము ముఖ్యముగ అన్నపు రాశిలోను, కూర కొరతలోను ఉన్నది. దానిని సరిదిద్దుకొనుటకు గురువును వెదకనక్కరలేదు.

అయినను చేరదలచినవారు ముందుగ బరువు, దర్జీ టేపుతో నడుము కొలత, రక్తపోటు, చక్కెర, క్రియాటినిన్ వ్రాసికొని, మాత్రల అట్టలతోకూడ ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యునికి చూపవలెను. నడుము పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటినచో తగ్గవలసినదే. ఏ మాత్ర తగ్గించునో, ఏది ఆపునో వైద్యుడే చెప్పవలెను.

వేసవిలో తప్పక వచ్చు ప్రశ్న యొకటి మిగిలినది. మధుమేహి రసాలు తినవచ్చునా? విషమను గురువును, ప్రకృతి యిచ్చినది గనుక ఎన్నియైనను తినుమను గురువును ఫోనులో ఉన్నారు. చక్కెర అదుపులో నున్నవాడు చిన్నరసము ఒకటి, అన్నము కొంత తగ్గించి, తిని చూడవచ్చును. రెండు గంటల తరువాత వ్రేలినుండి చుక్క తీసి కొలిచి, ఆ సంఖ్యను తేదీతో నోటుపుస్తకమున వ్రాసి, వైద్యుని కడకు పోవునపుడు వెంట తీసికొనిపోవలెను.